ఎడమచేతి వాళ్ళ యుకులేలే

చిత్తూరు,
జూన్ 1985.

ఒసే శకుంతలా,

బతికే ఉన్నావా తల్లీ? ఉగాదికి రాసిన జాబుకు ఇంతవరకు జవాబు లేదు. తిరుపతి టీచరమ్మకు చిత్తూరు టీచరమ్మ ఎందుకు గుర్తుంటుందిలే అని నాలో నేనే తిట్టుకున్నాను. ఇప్పుడు నీతో పని పడింది కాబట్టి కోపం పక్కన పెట్టి రాస్తున్నాను.

ట్రైనింగు హాస్టల్లో మిస్సమ్మ మనిద్దరికీ నేర్పిన యుకులేలే గుర్తుందా? తన దేశానికి వెళ్ళిపోతూ నా ఒళ్ళో పెట్టి పోయింది చూడు, నాలుగు తీగల బుడ్డ గిటారు, అదే. ఇన్నేళ్ళుగా మా శిశుతరగతి పిల్లలను దాంతోనే నెట్టుకొస్తున్నాను. అది మోగితే ఏడ్చే పిల్ల ఊరుకుంటుంది, పారిపోయే పిల్లవాడు గడప దగ్గర ఆగుతాడు.

ఈ మధ్య దానికి ముసలితనం వచ్చింది. బిగించిన తీగ నిలవదు. పొట్ట ఉబ్బింది. అన్నిటికన్నా ఘోరం, మొదటి పాటలోనే అడుగు తీగ మీద ఉంగరపు వేలు పెట్టే చోట చచ్చిన చప్పుడు వస్తోంది. "టీచర్, గిటారుకు జలుబు చేసిండాది" అని పిల్లలు ఒకటే నవ్వు.

నవంబరులో బాలల దినోత్సవానికి స్కూలు కమిటీ పెద్దలందరూ వస్తారు. నన్ను పర్మనెంటు చేసే మాట అప్పుడే ఎత్తుతారట. ఆ రోజు ఈ జలుబు గిటారుతో నిలబడలేను. గోవిందరాజస్వామి గుడి పక్క వీధుల్లో భజన సామాన్ల అంగళ్ళు ఉంటాయి కదా, ఒకసారి చూడు. కొత్తదే కావాలని లేదు, దీనికన్నా మంచిదైతే చాలు. నూటయాభై దాటితే మాత్రం నావల్ల కాదు. మా ఆయన చిన్నబ్బను అడిగితే, "ఒక పుల్ల ఉండంగా ఇంగో పుల్ల ఎందుకే?" అన్నాడు. చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే మనిషికి చెరకు గడ తప్ప ఏ పుల్లా కంటికి ఆనదు.

మెత్తటి తీగలున్నది దొరికితే ఇంకా మేలు. వాయించి వాయించి నా వేళ్ళకు కాయలు కాసి మొద్దుబారిపోయాయి. తీగ తగిలేదీ తగలనిదీ తెలియడం లేదు.

నీ జ్ఞానాంబ.


తిరుపతి,
జూలై 1985.

జ్ఞానా,

పని పడితేనే నీకు నేను గుర్తొస్తానని తెలుసులే. అయినా సంతోషమే.

నిన్న బడి వదిలాక మునివెంకటప్ప అంగడికి వెళ్ళాను. హార్మోనియాలు, చిడతలు, మృదంగాల వెనకాల మూలన రెండు యుకులేలేలు ఉన్నాయి, నువ్వు నమ్ముతావా! "మద్రాసులో బ్యాండు వాయించే ఆయన పాత సామానంతా అమ్మేస్తా ఉంటే కలిపి తెచ్చినానమ్మా. వీటిని అడిగినోళ్ళే లేరు. నువ్వు అడగతా ఉంటే నాకే సిత్రంగా ఉండాది" అన్నాడు.

ఒకటి నిగనిగలాడే ఎర్రది, దాని మీద గులాబీ బొమ్మ. రెండోది గోధుమరంగు. మెరుపు పోయింది, వెనక సన్నటి పగులు, జిగురు పెట్టి అతికించారు. మిస్సమ్మ ఏం చెప్పేది? కళ్ళు తెరిచి కొంటే రంగు కొంటారు, కళ్ళు మూసుకొని వేళ్ళతో ఎంచండి అనేది కదా. అంగట్లో స్టూలు మీద కూర్చొని కళ్ళు మూసుకున్నాను. మునివెంకటప్ప నేను దేవుడికి మొక్కుకుంటున్నాననుకొని హారతి పళ్ళెం వైపు చూశాడట! ఎర్రదాని మెడ మీద అడ్డంగా ఉండే ఇత్తడి కమ్ముల అంచులు వేలిని గీరాయి. మెడ వంగింది, పైకి పోయేకొద్దీ శ్రుతి తప్పుతోంది. గోధుమరంగుదైతే వేలు ఆనించగానే పలికింది. పగులు మోతకు అడ్డం రాలేదు. బేరమాడితే నీకు అందే ధరకే వస్తుంది.

అయినా తొందరపడకు. ఉన్నదాంట్లో తీగలు ఎత్తుగా ఉన్నాయేమో. ఎత్తైన తీగ ఎంత నొక్కినా సరిగ్గా పలకదు. మెడ మొదట్లో తీగ కింద ఐదు పైసల బిళ్ళ దూర్చి చూడు. సులువుగా దూరితే లోపం అక్కడే ఉన్నట్టు. సన్నగా అరగదీయిస్తే సరిపోతుంది, నీకు ఖర్చే ఉండదు.

కాయలంటావా? అవి నైలాన్ తీగలే పిచ్చిదానా! నాకు ఏనాడూ కాయ కాయలేదు. నువ్వు యుకులేలే వాయిస్తున్నావా, బావిలో నీళ్ళు తోడుతున్నావా?

శకుంతల.


చిత్తూరు,
జూలై చివర.

శకుంతలా,

బిళ్ళ దూరలేదు. తీగలు కమ్ములకు ఆనుకున్నంత కిందే ఉన్నాయి. అయినా పలకడం లేదు. నాకు పట్టుదల వచ్చి ఇంకా గట్టిగా నొక్కాను. పాట సగంలో ఉండగా మా మణి "అమ్మా, నెత్తురు!" అని అరిచింది. చూస్తే గిటారు మెడంతా ఎర్రగా ఉంది. ఒక కమ్మి అంచు లేచి ఉంగరపు వేలిని గోరు పక్కన చీల్చేసింది. నాకు తెలియనే లేదు! పాట మీద నాకున్న ధ్యాస చూశావా?

ఈ ధ్యాసతో ఇంట్లో తిట్లు కూడా తింటున్నాను. మొన్న దోసెల పెనం ఉత్త చేత్తో పట్టుకొని దించాను. "ఏందే కమురు వాసన?" అంటూ మా అత్త వచ్చేదాకా చిటికెన వేలు కాలుతోందని తెలియలేదు. "నీ మనసు యాడుండాదే?" అని ఒకటే కేకలు. ఇంత పొక్కు లేచింది. నొప్పి లేదు కాబట్టి బతికిపోయాను.

ఇక ఈ పాతదానితో వేగలేను. ఆ గోధుమరంగుదే ఖాయం చెయ్యి, జీతం రాగానే డబ్బు పంపుతాను. ఎవరైనా కొనేస్తారేమోనని భయంగా ఉంది. మునివెంకటప్పకు చెప్పి పక్కన పెట్టించు.

నీ జ్ఞానాంబ.


తిరుపతి,
ఆగస్టు 1985.

జ్ఞానా,

యుకులేలే ఎక్కడికీ పోదు. నేను పక్కన పెట్టించాను.

దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు నేను చెప్పినట్టు చెయ్యి. నవ్వకు, ఎందుకని అడగకు. కళ్ళకు తువ్వాలు కట్టుకొని కూర్చో. మణి చేతికి ఒక కోడి ఈక ఇచ్చి, నీ ఎడమచేతి వేళ్ళను ఒక్కొక్కటిగా మెల్లగా తాకమను. ఏ వేలో నువ్వు చెప్పు. తర్వాత కుడిచేతికీ అలాగే.

ఆ ఎడమచేతి మీద ఎక్కడైనా చర్మం రంగు వెలిసిందా? మోచేతి కింద చూడు, వెనక వైపు కూడా చూడు.

నా జాబులు ఇంట్లో ఎవరైనా చదువుతారా? ఇకమీద కవరులోనే రాస్తాను. నువ్వు కూడా కవరులోనే రాయి. తొందరగా రాయి.

శకుంతల.


చిత్తూరు,
ఆగస్టు 1985.

శకుంతలా,

నువ్వు చెప్పినట్టే చేశాను. బొటనవేలు తెలిసింది, చూపుడు వేలు తెలిసింది, మధ్య వేలు కూడా చెప్పాను. తర్వాత ఏమీ లేదు. "ఆపేసినావేం పాపా? కానీ" అన్నాను. "తాకతానే ఉండా గదమ్మా!" అంది. తువ్వాలు తీసి చూస్తే నా చిటికెన వేలి మీద ఈకను అటూ ఇటూ రుద్దుతోంది. అది నవ్వుతోంది. ఆట అనుకుంది పాపం.

ఉంగరపు వేలు కూడా అంతే. అరచేతి అంచు కూడా అంతే. కుడిచేతికి అన్నీ తెలిశాయి.

మచ్చ ఉంది. మోచేతి కింద, రూపాయి బిళ్ళంత. శోభి మచ్చ అనుకొని చాలా రోజులుగా ఏదో నూనె రాస్తున్నాను. ఈక దాని మీద కూడా తెలియలేదు. మణిని బయటికి పంపి సూది గుచ్చుకున్నాను. సూది లోపలికి పోతుంటే కళ్ళతో చూశాను, చేతికి మాత్రం తెలియలేదు.

ఏమిటే ఇది? నిద్ర పట్టడం లేదు. మచ్చ ఉందా అని అంత నిక్కచ్చిగా ఎట్లా అడిగావు? నీకేదో తెలుసు. తెలిసి దాస్తున్నావు. నాకు వెంటనే చెప్పు. చెప్పకపోతే నా మీద ఒట్టే.

జ్ఞానాంబ.


తిరుపతి,
ఆగస్టు 1985.

జ్ఞానా,

ఇంట్లో ఎవరూ లేనప్పుడు, కూర్చొని చదువు.

హాస్టల్లో మా నాయన గురించి నువ్వు అడిగినప్పుడల్లా నేను మాట మార్చేదాన్ని. మా నాయన పేరు మునిరామయ్య. చంద్రగిరిలో మా చేను గట్టు మీద కొట్టం వేసుకొని ఒక్కడే ఉండేవాడు. మా అమ్మ నా చేత సంగటి గిన్నె పంపేది, గట్టు మొదట్లో పెట్టి వెనక్కి వచ్చేయమనేది. నేను దూరం జరిగాకే ఆయన వచ్చి తీసుకునేవాడు. "ఇంగా ఎనక్కి పో పాపా" అని ఆయనే అనేవాడు.

మొదట్లో ఆయనకూ ఇంతే. బీడీ వేలిదాకా కాలినా తెలిసేది కాదు. "పలుగు పట్టే సెయ్యి గదా, కాయలు కాసినాయి" అనేవాడు. ఊళ్ళో అందరూ అదే అన్నారు, మేమూ అదే నమ్మాం. నమ్మినంత కాలం ఏ ఆసుపత్రికీ పోలేదు. తర్వాత వేళ్ళు వంగిపోయాయి. నీ జాబులో కాయలు అనే మాట చూసి నేను నవ్వుతూ జవాబు రాశాను చూడు, అప్పుడే మా నాయన చెయ్యి ఒకసారి గుర్తొచ్చింది. పెనం మాట చదివాక ఇక నవ్వలేకపోయాను.

అది కుష్ఠేమో జ్ఞానా. ఈ ఒక్క మాట రాయడానికి పొద్దుటి నుంచి కూర్చున్నాను. నేను డాక్టరును కాను. నేను అనుకున్నది తప్పైతే నన్ను చెప్పుతో కొట్టు, పడతాను.

ఇంకో సంగతి కూడా నీ దగ్గర దాచను. నీ జాబు చదివి, లేచి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కున్నాను. ఒకే కంచంలో తిన్నవాళ్ళం మనం. తలుపేసుకొని నా వేళ్ళకు నేనే ఈక రాసుకున్నాను. నాకు సిగ్గేసింది కానీ భయం పోలేదు.

ఇది మా నాయన కాలం కాదు. వేలూరు పక్కన ఉన్న ఆసుపత్రిలో కొత్త మాత్రలు ఇస్తున్నారట. మా బడికి వచ్చిన హెల్త్ ఇన్‌స్పెక్టరును మాటల్లో పెట్టి అడిగాను. తొందరగా పోతే చెయ్యి దక్కుతుందట. నేను వస్తాను, ఇద్దరం కలిసి పోదాం. ఇంట్లో గిటారు కొనడానికి పోతున్నామని చెప్పు.

నీ శకుంతల.


చిత్తూరు,
సెప్టెంబరు 1985.

శకుంతలా,

నువ్వు రావద్దు. నీ జాబు పొయ్యిలో వేశాను. ఇంత మాట రాయడానికి నీకు చెయ్యెట్లా వచ్చింది? మా వంశంలో ఎవరికీ లేదు. నేను ఎవరి జోలికీ పోలేదు, ఎవరికీ పాపం చెయ్యలేదు.

ఈ సంగతి బయటికి వస్తే ఏమవుతుందో నీకు తెలుసా? కమిటీవాళ్ళు పర్మనెంటు సంగతి దేవుడెరుగు, గేటు లోపలికే రానివ్వరు. ప్రతి పిల్లవాడి తల్లీ వచ్చి, నా బిడ్డను ముట్టుకున్నావే అని జుట్టు పట్టుకుంటుంది. వాళ్ళు అడిగినా నేనేం చెప్పను? ముక్కులు తుడిచాను, ఎత్తుకున్నాను, అన్నం తినిపించాను. మా అత్త ఇల్లు కడిగించి నన్ను సత్యవేడుకు, పుట్టింటికి పంపుతుంది. చిన్నబ్బ ఏమంటాడో ఊహించడానికి కూడా ధైర్యం లేదు. ఆదివారం చర్చిలో కుష్ఠురోగి వాక్యం చదివితే అందరూ నా వైపే చూస్తున్నట్టు అనిపించి సగంలో లేచి వచ్చేశాను.

మణిని ముట్టుకోవడం మానేశాను. జడ వేయమని వస్తే, అవ్వ దగ్గరికి పో అన్నాను. "నేనేం చేసినానమ్మా?" అని ఏడ్చింది. తలుపు అవతల అది ఏడుస్తోంది, ఇవతల నేను.

బుధవారం రా. పొద్దున బస్సుకే రా. ఒంటరిగా పోలేను.

జ్ఞానాంబ.


చిత్తూరు,
సెప్టెంబరు 1985.

శకుంతలా,

ఆసుపత్రిలో వాళ్ళ ముందే మాత్రలు మింగించారు కదా. ఇంటికి వచ్చాక ఒంటికి పోతే ఎర్రగా పోతోంది. నెత్తురో ఏమో తెలియదు. ఎవరినీ అడగలేను. చచ్చిపోతున్నానా? నేను పోతే మణిని నువ్వు చూసుకుంటావా? వెంటనే రాయి.

జ్ఞానాంబ.


తిరుపతి,
అక్టోబరు 1985.

పిచ్చిమొద్దూ,

నువ్వు చావవు. ఆ మాత్ర రంగే అంత. నెలకొకసారి అది వేసిన రోజు ఎర్రగా పోతుందని డాక్టరమ్మ నీ మొహం ముందే చెప్పింది. నువ్వు తలూపావు కూడా! భయంతో నీ చెవులు ఆ రోజు పని చెయ్యలేదని నాకిప్పుడు అర్థమైంది. అందుకే ఆమె అన్నదంతా మళ్ళీ రాస్తున్నాను.

నీకున్నది ఒక్క మచ్చ. మోచేతి దగ్గర ఒక నరం లావెక్కింది. నీది పక్కవాళ్ళకు అంటించే రకం కాదు, పిల్లలకు పాఠాలు చెప్పుకోవచ్చు. ఆరు నెలలు ఒక్క రోజు కూడా మానకుండా మాత్రలు వేసుకుంటే జబ్బు పోతుంది. పోయిన స్పర్శ వస్తుందో రాదో ఆమె చెప్పలేనంది. ఉంగరపు వేలు, చిటికెన వేలు వంగిపోకుండా రోజూ నూనె రాసి చాపుతూ ఉండాలి. పొయ్యి దగ్గర గుడ్డ లేకుండా ఏదీ పట్టుకోకూడదు. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు చక్కగా ఉన్నాయి. ఇంట్లోవాళ్ళను కూడా ఒకసారి తెచ్చి చూపించమంది. ఇది కూడా నువ్వు వినలేదని నాకు తెలుసు. మణి జడ నువ్వే వెయ్యి.

నన్ను కూడా చూసింది కదా. ఏమీ లేదంది. బయటికి వచ్చి బస్టాండులో నువ్వు తాగి ఇచ్చిన సోడా తాగాను. తాగే ముందు సీసా మూతిని కొంగుతో తుడిచాను. నువ్వు చూశావు, చూడనట్టు ఊరుకున్నావు. నన్ను మన్నించు.

ఇక మన బేరం. ఈ పార్సెల్లో గోధుమరంగుది ఉంది. విప్పి పట్టుకోగానే అన్నీ తలకిందులుగా ఉన్నాయేమని కంగారుపడకు. నేనే తీగలు తారుమారు చేయించాను. కుడిచేత్తో నొక్కు, ఎడమచేత్తో మీటు. మీటడానికి బొటనవేలూ చూపుడు వేలూ చాలు కదా. "అట్ల ఎవురూ వాయించరమ్మా, సామాను పాడైపోతాది" అని మునివెంకటప్ప గోల పెట్టాడు. "నువ్వు మార్చబ్బా, వాయించేది నువ్వు కాదు గదా" అన్నాను. తీగలు ఆనే ఎముక పట్టీని కూడా ఊడదీసి తిప్పి అతికించాడు.

ఎవరైనా అడిగితే, ఇది ఎడమచేతి వాళ్ళది, ఎవరూ కొనక చవగ్గా వచ్చింది అని చెప్పు. నీ బేరాల సంగతి తెలిసినవాళ్ళు ఎవరూ అనుమానపడరు. చవగ్గా వస్తే నువ్వు ఒంటికాలి చెప్పు కూడా కొంటావని చిత్తూరంతా తెలుసు.

నీ శకుంతల.


చిత్తూరు,
నవంబరు 1985.

శకుంతలా,

చిన్నబ్బకు తెలిసిపోయింది. బియ్యం డబ్బాలో మాత్రలు దాచాను, ఆయన బియ్యం పొయ్యబోయి చూశాడు. "ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు. అంతా చెప్పాను. లేచి పోయి గడప మీద కూర్చున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. చాప మాత్రం దూరం జరిపి వేసుకున్నాడు. ఆ చాప వైపు చూస్తూ పడుకునేదాన్ని. ఏ పొద్దున మూట కట్టమంటాడో అనుకునేదాన్ని. మా అత్తకు మాత్రం చెప్పలేదు. అదొక్కటే నాకు ఆశ.

మళ్ళీ ఆసుపత్రికి పోయి ఆ ఎర్ర మాత్ర వేసుకొనే రోజు వచ్చింది. నేను బస్టాండుకు పోయేసరికి ఆయన మణి చెయ్యి పట్టుకొని అక్కడ నిలబడి ఉన్నాడు. "మమ్మల్ని గూడా సూపించుకోవాల గదా. ఎక్కు" అన్నాడు. బస్సులో ఆయన తన వేళ్ళను ఒక్కొక్కటే గిల్లి చూసుకుంటున్నాడు. ధైర్యం చెప్పడానికి నా దగ్గర మాత్రం ఏముంది? మధ్యలో మణిని కూర్చోబెట్టుకొని పోయాం. డాక్టరమ్మ ఇద్దరికీ ఏమీ లేదంది. తిరుగు బస్సులో ఆయన నా పక్కన కూర్చున్నాడు.

నీ ఎడమచేతి యుకులేలేతో మొదటి రోజు ఒక్క పాట కూడా రాలేదు. కుడిచేతికి ఏ గడి ఎక్కడుందో తెలియదు, శిశుతరగతి పిల్లకు అక్షరాలు దిద్దించినట్టు ఒక్కో వేలినీ తీసుకెళ్ళి పెట్టాను. ఎన్ని పాటలు ఎగిరిపోయాయో! చివరికి రెండు పాటలు పట్టాను. బాలల దినోత్సవం నాడు స్టేజీ ఎక్కాను. ముందు వరసలో కమిటీవాళ్ళు. అందరూ నా చేతినే చూస్తున్నారనుకున్నాను. మీటడం మొదలుపెట్టాను. పిల్లలు అందుకున్నారు. పాట మెల్లగా నడిచింది కానీ ఆగలేదు.

కిందికి దిగగానే కమిటీ పెద్ద ధనంజయగారు పిలిచాడు. "ఏమ్మా, ఎడంచేత్తో వాయిస్తా ఉండావే?" అన్నాడు. "ఎడమచేతి వాళ్ళదండీ, ఎవరూ కొనకపోతే చవగ్గా వచ్చింది" అన్నాను. ఆయన పడీపడీ నవ్వి, "మా ఇంటామెకు కూడా సెప్పల్ల నీ బేరం సంగతి" అన్నాడు. పర్మనెంటు మాట సంక్రాంతి సెలవుల తర్వాత చూస్తారట. అప్పటిదాకా ఈ భయం తప్పదు. ఎవరు నా చేతివైపు చూసినా ఇంకా ఉలిక్కిపడుతున్నాను.

అసలు నీకు రాయాలనుకున్నది ఇది. కుడిచేతికి కొత్త కదా, ఇన్ని రోజుల నొక్కుడుకు వేళ్ళ కొనలు కందిపోయాయి. ఆ రాత్రి అన్నంలో చారు కలుపుతుంటే కుడిచేతి ఉంగరపు వేలు చురుక్కుమంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. మళ్ళీ కావాలని చారులో పెట్టాను. మళ్ళీ మండింది. కంచం ముందు కూర్చొని ఏడుపు ఆపుకోలేకపోయాను.

చిన్నబ్బ హడలిపోయాడు. "ఏమ్మే, ఏమైంది? నొప్పా?" అన్నాడు.

"అవును. శానా నొప్పిగా ఉండాది" అన్నాను.

"అట్లైతే నాలుగు దినాలు వాయించడం మాను" అన్నాడు.

మానలేదే శకుంతలా. పొద్దున లేవగానే వాయించాను, ఇంకా నొప్పిగానే ఉంది.

నీ జ్ఞానాంబ.